శ్లాబు లేని కప్పుకి తోళ్ళు వేలాడదీసిన సంగతి

మా కాలనీ వెనక చెరువు చుట్టూ నడవడానికి సిమెంటు బాట ఉంది. పొద్దున ఎనిమిదింటికల్లా మన పెద్దవాళ్ళు స్వెట్టర్లు వేసుకుని, చెవులకి మఫ్లర్లు చుట్టుకుని దాని మీదికి దిగుతారు. అమెరికాలో మేముండే ఈ కమ్మింగ్ ఊళ్ళో చలి అసలు చలే కాదంటారు ఇక్కడి వాళ్ళు. మాకు అదే ఎక్కువ. అందరూ జట్లు జట్లుగా నడుస్తారు. నేను ఒక్కడినే నడుస్తాను. నాతో నడిచినవాళ్ళు రెండో చుట్టుకి షూ లేసు కట్టుకోవాలని ఆగిపోతారు. ఒకాయన తన అల్లుడు ఎంత మంచివాడో చెబుతుంటే, "అంత మంచివాడైతే ఈ చలిలో నిన్ను ఇంట్లోంచి ఎందుకు తరిమాడు?" అన్నాను. ఆయనకి ఆ రోజు నుంచీ షూ లేసు ఊడుతూనే ఉంది.

రెండు చలికాలాల కిందట ఒక పొద్దున అలా ఒంటరిగా నడుస్తుంటే, బాట మలుపు తిరిగే చోట వాసన తగిలింది. పచ్చి తోలు వాసన. మిగతావాళ్ళు మఫ్లరు ముక్కు మీదికి లాక్కుని గబగబా పోయారు. నేను నిలబడిపోయాను. మా ఊరి తోళ్ళ మండీలో నలభై ఏళ్ళు పనిచేశాను. మేక తోళ్ళు, గొర్రె తోళ్ళు దించడం, ఉప్పు పట్టించడం, మడత పెట్టడం, లారీకెత్తడం. ఆ వాసన నా అన్నంలో ఉండేది, నా పడకలో ఉండేది. మా అమ్మాయి దగ్గరికి అమెరికా వచ్చి తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళూ నా ముక్కుకి సాంబారు, సబ్బు తప్ప పని లేదు. అది నన్నడగకుండానే ముందుకు నడిచింది. వెనకాలే నేనూ పోయాను.

కంచె అవతల ఒక పాత ఇల్లు ఉంది. మా కాలనీ కట్టకముందు నుంచీ ఉన్నది. దాని గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల నా వయసు ముసలాయన, నాకంటే జానెడు పొడుగు, స్టూలు ఎక్కి నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి మెడలో గుడ్డతో వేలాడుతోంది. ఎడమ చేత్తో ఒక చెక్క పలకని కప్పులో ఉన్న మేకుకి తగిలించాలని చూస్తున్నాడు. పడవ ముక్కులాగా ఒక కొస సన్నబడిన పలక అది. దానికి మేజోడు తొడిగినట్టు ఒక జంతువు తోలు తొడిగి ఉంది, లోపలివైపు బయటికి తిరగేసి. పలక ఊగుతోంది, స్టూలు ఊగుతోంది, ముసలాయన ఊగుతున్నాడు.

నేను అడగలేదు, పెట్టలేదు. లోపలికి వెళ్ళి, ఆయన చేతిలోంచి పలక లాక్కుని, ఆయన్ని కిందికి దించి, నేనెక్కి తగిలించాను. దిగి ఆయన వంక చూసి, "స్కిన్. ఫార్టీ ఇయర్స్," అని నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. పెద్ద డాక్టరు తన చదువు చెప్పుకున్నట్టు చెప్పాను. ఆయన నా మఫ్లరు నుంచి షూ దాకా ఒకసారి చూశాడు.

"నువ్వెవరు?" అన్నాడు.

అదే మా పరిచయం. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఆయనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు వచ్చిందే పాతిక ముక్కలు. మిగతాదంతా చేతులు, కళ్ళు, బొమ్మలు. పని తెలిసినవాళ్ళకి అంతకంటే ఎక్కువ భాష అక్కర్లేదని నేను అప్పట్లో అనుకునేవాణ్ణి. అప్పట్లో నేను చాలా అనుకునేవాణ్ణి.

ఆయన పని చలికాలంలో చెరువుల దగ్గర, వాగుల దగ్గర బోనులు పెట్టి జంతువుల్ని పట్టడం. లైసెన్సు గోడకి తగిలించి ఉంది. మా చెరువు కట్టని కొరికి తోడేస్తున్న, పెద్ద పందికొక్కుల్లాంటి బీవర్లని పట్టమని మా కాలనీవాళ్ళే ఆయన్ని పిలిచారట. బీవర్లు, నక్కలు, నీటికుక్కలు, కళ్ళకి దొంగ గంతలు కట్టినట్టుండే రకూన్లు. వాటి తోలు ఒలిచి, కొవ్వు గీకి, పలకలకి తొడిగి, గాలికి ఆరబెట్టి, బొచ్చు కొనేవాళ్ళకి అమ్ముతాడు. చిన్నప్పటి నుంచీ అదే పని. ఆ ఏడాది వేసవిలో భుజానికి ఆపరేషన్ అయింది. ఇక కుడి చెయ్యి తల మీదికి లేవదన్నారు. బోనులు పెట్టడానికి వాళ్ళ తమ్ముడు తోడొస్తాడు. కానీ గ్యారేజీలో పని ఒక్కడిదే.

తోళ్ళు అన్నీ కప్పు మేకులకే వేలాడాలి. కప్పు అందదు.

దానికి ఆయనే ఉపాయం ఆలోచించి, సామాను తెప్పించి, నాలుగు పొడుగాటి అట్టపెట్టెల్లో గోడవార పెట్టుకున్నాడు. కిటికీ పరదాలు జరిపే పట్టా ఉంటుందే, అలాంటిదే, కాకపోతే ఇనుముది. కప్పుకి రెండు వరసలు బిగించాలి. వాటిలో చిన్న చక్రాలు తిరుగుతాయి. చక్రానికి ఒక గొలుసు, గొలుసు కొసకి కొక్కెం, భుజమెత్తుకి దిగుతుంది. పలకని కొక్కేనికి తగిలించి తోస్తే చాలు, ఫ్యాను వైపు జరిగిపోతుంది. ఆరిందో లేదో చూడాలంటే మళ్ళీ లాక్కుంటే మన దగ్గరికే వస్తుంది. స్టూలెక్కే పని లేదు, చెయ్యెత్తే పని లేదు.

"మా అమ్మాయి నన్ను వాళ్ళ ఊరు తీసుకుపోతానంటోంది," అన్నాడు ఆయన, పెట్టెల వంక చూస్తూ. "ఈ చలికాలం నా తోళ్ళు నేనొక్కడినే వేలాడదీసుకోగలిగితే ఇక్కడే ఉంటానన్నాను. లేకపోతే బోనులు అమ్మేసి వస్తానన్నాను. ఆదివారం వ్యానేసుకుని వస్తుంది చూడటానికి."

"ఇవాళ ఏ వారం?"

"సోమవారం."

"నో ప్రాబ్లం," అన్నాను. నేను పెట్టె కూడా విప్పి చూడలేదు.

పెట్టెలో ఒక కాగితం ఉంది, ఎలా బిగించాలో చెప్పేది. ఆయన దాన్ని నా చేతికిచ్చాడు. నా చదువు సంగతి ఇక్కడ చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకుందే అరవై ఐదేళ్ళకి, అదీ ఈ ఊళ్ళోనే. మనవరాల్ని శనివారం తెలుగు బడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టే పని నాది. ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ వెనక బల్ల మీద పలకతో కూర్చున్నాను. టీచరమ్మ నాకూ హోంవర్క్ ఇచ్చేది. మనవరాలు నాకంటే ముందు గుణింతాలు దాటింది. ఒత్తుల దగ్గర నేను ఏడాది ఆగాను. ఇంగ్లీషు అక్షరాలు ఇంకా రావు. కానీ ఆ కాగితాన్ని నేను కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో రెండుసార్లు తలాడిస్తూ చూశాను. వెనక్కి తిప్పి కూడా చూశాను. అందులో ఒక బొమ్మ ఉంది. కప్పు పైన అడ్డంగా రెండు చెక్కలు, వాటిలోకి దిగుతున్న స్క్రూలు. ఆ చెక్కలు ఎందుకు గీశారో అర్థం కాలేదు. అందం కోసం గీశారనుకున్నాను.

మంగళవారమంతా ఫ్రీజరులోంచి తోళ్ళు తీసి పలకలకి తొడిగాం. అక్కడే మొదటిసారి నా పరువు పోయింది. మా అమ్మాయి వంటింట్లోంచి రెండు ప్యాకెట్లు కల్లుప్పు పట్టుకెళ్ళాను. తోలు అంటే ఉప్పు పట్టించాలి, నాకు తెలిసిన లోకంలో దానికి తిరుగు లేదు. ఆయన రెండు ప్యాకెట్లూ నా చేతిలో పెట్టి, తలుపు వైపు చూపించాడు.

"ఉప్పు వేస్తే ఇది కొనేవాడు లేడు. దీన్ని గాలికి ఆరబెడతాం. కూర వండటం లేదు," అన్నాడు.

నలభై ఏళ్ళ అనుభవం ప్యాకెట్ల రూపంలో ఇంటికి తిరిగొచ్చింది. మా ఇంటి గ్యారేజీలోనే మా అమ్మాయి ఎదురైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లోంచే పని. చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్నాయి గానీ ముక్కుకి ఏమీ లేవు.

"నాన్నా, ఏంటా వాసన?"

"ఏ వాసన?"

"నా దగ్గరా నీ నాటకాలు? పెళ్ళయ్యేదాకా ఆ వాసనలోనే పడుకున్నాను. బడిలో నా బల్ల మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, మర్చిపోయావా? అమ్మ నాకు కుంకుడుకాయలతో తల రుద్దీ రుద్దీ జుట్టంతా ఊడగొట్టింది. ఇక్కడికొచ్చి, ఇన్నేళ్ళకి, మళ్ళీ ఎక్కడ దొరికింది నీకది?"

చెప్పాను. ఆమె హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది.

"శుక్రవారం మనింట్లో వ్రతం. ముప్పైమంది వస్తారు."

"నేను ప్రసాదానికి మాత్రం వస్తాలే."

"చొక్కా గ్యారేజ్‌లో విడిచి, స్నానం చేసి, అప్పుడు లోపలికి రా. రోజూ." అని, మెట్ల మీద ఆగి, "ఆ ఉప్పు నాదేనా?" అంది.

బుధవారం ముసలాయనకి భుజం వ్యాయామం చేయించుకునే రోజు. వాళ్ళ తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడు. వెళ్తూ ముసలాయన, "నేనొచ్చేదాకా కప్పు ముట్టుకోకు. కలిసి చేద్దాం," అని చెప్పాడు. నేను తలూపాను. ఆ కారు వీధి చివర తిరగ్గానే నిచ్చెన వేశాను. ఆయన వచ్చేసరికి పట్టాలు మెరుస్తూ ఉండాలి, ఆయన నోరు తెరవాలి, అది నా ఆశ.

నాకు తెలిసిన కప్పులన్నీ శ్లాబులు. ఇనుప ఊచలు, సిమెంటు, కంకర. ఊళ్ళో మా ఇంట్లో ఉయ్యాల కొక్కేలు నేనే వేశాను. రెండు కొక్కేలకి సగం పూట పట్టింది. కంకర రాయి తగిలితే డ్రిల్లు ఏడ్చేది, కళ్ళలోకి దుమ్ము, భుజాలు పడిపోయేవి. శ్లాబులో ఎక్కడ వేసినా ఒకటే. ఇక్కడా, అక్కడా అని ఏరుకునేది ఏముంటుంది?

ఇక్కడ డ్రిల్లు పెట్టగానే వెన్నలో దిగినట్టు దిగింది. నేను ఆగలేదు, అనుమానపడలేదు. "అమెరికా డ్రిల్లు ఎంత పదును!" అనుకున్నాను. రెండో కన్నం ఇంకా సులువు. ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టి స్క్రూలు బిగించాను. పట్టా ముక్క ఆరడుగులు. ఒక కొస నేను పట్టుకుని, రెండో కొస కింద చీపురు కర్ర నిలబెట్టి, మెడ విరిగేలా పైకి చూస్తూ, నాలుగు ముక్కలూ రెండు వరసలుగా బిగించాను. మొత్తం ఇరవై నాలుగు స్క్రూలు. దారం కట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది. చక్రాలు ఎక్కించి, గొలుసు పట్టుకుని లాగితే సర్రున పోయింది. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను, నిజంగానే. ఎవరూ లేరు కదా.

ఆయన వచ్చాడు. అనుకున్నట్టే నోరు తెరిచాడు, కానీ తిట్టడానికి. తర్వాత తల ఎత్తి చాలాసేపు చూశాడు. చెయ్యెత్తి లాగి చూడలేడు.

"పైన దూలాలు ఉంటాయి. వాటిలోకే వేశావా?" అని గాల్లో చెక్కలు గీసి చూపించాడు, స్క్రూ దిగినట్టు వేలు తిప్పి చూపించాడు.

నాకు అర్థమైంది. భాష అడ్డం రాలేదు. కాగితంలో బొమ్మ కూడా గుర్తొచ్చింది, అందం కోసం గీసిందనుకున్నది. అప్పుడే చెప్పి ఉంటే సాయంత్రానికి ఊడదీసి మళ్ళీ బిగించేవాళ్ళం. కానీ నేను నిచ్చెన మీద ఉన్నాను, ఆయన కింద ఉన్నాడు, నా పట్టా తిన్నగా ఉంది.

"యస్. ఆల్ వుడ్," అన్నాను. "నో ప్రాబ్లం."

ఆ సాయంత్రం ఏడు తోళ్ళు వేలాడదీశాం. నిలిచాయి. గురువారం పొద్దున ఇంకో పన్నెండు. ఒక్కో పలకా రెండు కిలోల పైనే ఉంటుంది, తోలు పచ్చిగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. పదకొండు గంటలప్పుడు ఆయన పట్టా కింద బల్ల దగ్గర కూర్చుని రకూన్ తోలుకి కొవ్వు గీకుతున్నాడు. నేను కాఫీ కప్పు కడుగుతున్నాను. చొక్కా గుండీ తెగినట్టు టప్‌మని ఒక చప్పుడు వినిపించింది. తెల్లటి పొడి కొంచెం రాలింది. నేను దాన్ని చూస్తూ, "ఏంటిది, పిండి?" అనుకున్నాను. అంతలో టప్ టప్ టప్‌మని వరసగా, దీపావళి టపాకాయల్లా.

మొదటి వరస పట్టా మొత్తం, గొలుసులు, పలకలు, నక్కలు, నీటికుక్కతో సహా కిందికి వచ్చేసింది. దాని బరువు లాగేసరికి రెండోదీ వచ్చింది. కప్పులోంచి బల్ల సైజు అట్టముక్కలు ఊడి, గ్యారేజీ అంతా తెల్లగా అయిపోయింది. పట్టా బల్లకి తగిలి ఆగింది, ఆయన తలకి జానెడు అవతల. కానీ మీద పడుతుందనుకుని ఆయన రెండు చేతులూ అడ్డం ఎత్తాడు. ఆపరేషన్ అయిన చెయ్యి కూడా.

ఆ చెయ్యి పట్టుకుని ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. మొహం పాలిపోయింది. కనుబొమ్మల మీద సున్నం.

నేను మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"నాన్నా, మీటింగ్‌లో ఉన్నా."

"ఆపెయ్. నేనొక మనిషిని చంపినంత పని చేశాను."

అయిదు నిమిషాల్లో కారేసుకుని వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మూడు గంటలు కూర్చున్నాం. ఎక్స్‌రేలు తీశారు. కుట్లు, నరాలు ఏవీ తెగలేదు, బెణికింది, మళ్ళీ మూడు వారాలు మెడలో గుడ్డ అన్నారు. ఇంటికి వస్తుంటే మా అమ్మాయి డ్రైవ్ చేస్తోంది, ఆయన పక్కన, నేను వెనక. ఆయన అద్దంలో నన్ను చూస్తూ ఏదో అన్నాడు, నెమ్మదిగా.

"ఏమన్నాడు?"

"చెప్పమంటావా?"

"చెప్పు."

"దూలాల్లోకే వేశానని తనతో అన్నావట. వేశావా అని అడుగుతున్నాడు."

"లేదని చెప్పు."

చెప్పింది. ఆయన ఇంకేదో అన్నాడు. మా అమ్మాయి ఎర్ర లైటు దగ్గర ఆపి, లైటునే చూస్తూ చెప్పింది. "పని తెలియకపోవడం తప్పు కాదట. తెలియకుండా తెలుసనడం ఆయనకి నచ్చలేదట. అబద్ధాలకోరు అన్నాడు నాన్నా."

"మర్యాదగా అన్నాడా?"

"మర్యాదగానే."

జీవితమంతా ఎదుటివాడి మొహం మీదే మాట అనేస్తానని గొప్ప చెప్పుకున్నవాణ్ణి. నా వంతు వచ్చేసరికి ఒక మాట తీసుకోవడం ఎంత కష్టమో ఆ వెనక సీట్లో తెలిసింది. సీటు బెల్టు కూడా బిగుతుగా ఉంది.

ఆయన దిగుతూ, ఆదివారం కూతురితో వెళ్ళిపోతానని, కావాలంటే పలకలు నన్నే తీసుకోమని చెప్పాడట. ఇది కూడా మా అమ్మాయే తెలుగు చేసింది.

ఇంటికొచ్చాక చొక్కా గ్యారేజ్‌లో విడుస్తుంటే ఆమె అడిగింది. "అసలు ఎక్కడ వేశావు స్క్రూలు?"

"కప్పుకి."

"ఇక్కడ శ్లాబు ఉండదు నాన్నా. పైన వరసగా చెక్క దూలాలు, వాటి కింద సున్నం నింపిన అట్ట. నువ్వు అట్టకి వేశావు. ఇరవై నాలుగు వేస్తే కళ్ళు మూసుకున్నా అయిదారైనా చెక్కలో పడాలి కదా?"

మర్నాడు పొద్దున ఆమె వచ్చి చూస్తే తేలింది. నేను దూలాలకి అడ్డంగా కాక వాటి వెంబడే పోయాను. ఒక వరస రెండు దూలాల మధ్య ఖాళీలో, రెండో వరస ఇంకో రెండింటి మధ్య ఖాళీలో, దారం కట్టినట్టు తిన్నగా. ఏ కొంచెం వంకరగా వేసి ఉన్నా ఒకటి రెండు స్క్రూలు చెక్క పట్టుకునేవి. నా పనితనమే నా కొంప ముంచింది.

ఆ రోజు శుక్రవారం. వ్రతం రోజు. తెల్లవారి అయిదింటికి లేచి పులిహోర కలిపి, పూర్ణాలు వండి, ఏడున్నరకి మాస్కు పెట్టుకుని, పాత జీన్సు ప్యాంటు వేసుకుని నాతో వచ్చింది. పిలవలేదు నేను. ముసలాయన తలుపు తీసి మమ్మల్ని చూసి పక్కకి జరిగాడు. స్టూలు మీద కూర్చున్నాడు. మా అమ్మాయి జేబులోంచి ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసి, దానికి దారం కట్టి, నిచ్చెనెక్కి కప్పు వెంట జరుపుతూ పోయింది. దూలానికి కొట్టిన మేకులు ఉన్నచోట అది టక్కున అతుక్కునేది. పెన్సిలుతో గుర్తు పెట్టింది. మూరకి కొంచెం తక్కువ దూరానికి ఒక దూలం. అదీ రహస్యం. ఫ్రిజ్ మీద ఉన్న అయస్కాంతానికి తెలిసింది నాకు తెలియలేదు.

ఈసారి పట్టాలని దూలాలకి అడ్డంగా పెట్టి, ఆమె చెప్పిన చోటే నేను డ్రిల్లు పెట్టాను. గట్టిగా ఉంది. చెక్క పొట్టు మెలికలు తిరుగుతూ రాలింది. ప్రతి స్క్రూకీ ముసలాయన కింద నుంచి అడిగాడు, "చెక్కేనా?"

"వుడ్," అన్నాను.

మా అమ్మాయి పొట్టు తీసి ఆయన అరచేతిలో పోసేది. ఆయన వేళ్ళతో నలిపి చూసి, తర్వాతదానికి తల ఊపేవాడు. పద్దెనిమిదిసార్లు అలాగే. నా మాట ఆయన ఒక్కసారి కూడా ఊరికే నమ్మలేదు. సరిగ్గానే చేశాడు.

మధ్యలో మా అమ్మాయి మాస్కు కిందికి లాగి, గాలి పీల్చి, "ఇది మన మండీ వాసన కాదు నాన్నా," అంది.

"మరి?"

"దానికి ఉప్పు ఉండేది." మళ్ళీ మాస్కు పెట్టుకుంది. పదింటికి వ్రతానికి పరిగెత్తింది.

పడిపోయిన తోళ్ళని తడిగుడ్డతో తుడిచి సున్నం వదిలించడం, పలకలు అతికించడం, నీటికుక్క పొట్ట దగ్గర చిరిగినచోట మైనపు దారంతో కుట్టడం నా పని. కుట్టడం నాకు నిజంగా వచ్చు. ఈసారి వచ్చని చెప్పలేదు. సూది తీసుకుని కూర్చున్నాను, అంతే. ఆయన కుట్టు మీద వేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. అది ఎక్కడుందో కనబడలేదు.

ఆదివారం ఆయన కూతురు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, తండ్రంత పొడుగు. వ్యాను వెనక తలుపులు తెరిచే ఉంచింది. గ్యారేజీలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, కప్పుకి ఊడిన అట్ట వంక, తండ్రి మెడలో గుడ్డ వంక, నా వంక చూసింది. మా అమ్మాయి నా పక్కన నిలబడింది. ఎవరూ సాయం చేయకూడదన్నది ఆయన పెట్టిన షరతే.

ఆయన ఒక్క చేత్తో, ఎడమ చేత్తో, పలక ఎత్తి కొక్కేనికి తగిలించాడు. తోశాడు. జరిగింది. రెండోది, మూడోది. నాలుగోది నక్క, పొడుగు పలక. కొక్కెం దగ్గర జారింది. నా కాలు దానంతట అదే ముందుకు పడింది. మా అమ్మాయి నా చొక్కా వెనక పట్టుకుని లాగింది, గొర్రెని లాగినట్టు.

"కదిలావంటే చూడు," అంది నెమ్మదిగా.

ఆయన పలకని తొడ మీద ఆనించుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. మోకాలితో కొంచెం ఎత్తి, మళ్ళీ ప్రయత్నించి, తగిలించాడు. తోస్తే ఫ్యాను దాకా పోయింది. ఇరవై నిమిషాల్లో పంతొమ్మిదీ అయ్యాయి. తర్వాత గొలుసు పట్టుకుని అన్నిటికంటే వెనక ఉన్న దాన్ని లాగి, తన ముందుకు తెచ్చుకుని, కూతురికి చూపించాడు. నీటికుక్క. ఆమె చేతులు విప్పి, దాని తోలు మీద చెయ్యి పెట్టింది.

"ఈ చలికాలం వరకే, డాడ్," అంది.

ఖాళీ వ్యాను తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున మామూలుగానే వెళ్ళాను. మఫ్లరు గేటు దగ్గరే తీసి జేబులో పెట్టుకున్నాను, పని మొదలుపెట్టడానికి సిద్ధంగా. ఆయన అప్పటికే అన్నిటినీ ఒక చుట్టు తిప్పాడు. ఆరినవి ముందుకొచ్చాయి, పచ్చివి ఫ్యాను దగ్గరికి పోయాయి. కొవ్వు గీకిన పొట్టు ఎత్తేశాడు. కాఫీ కప్పులు కూడా కడిగి బోర్లించి ఉన్నాయి. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఆయనకి నా అవసరం లేకుండా చేసే యంత్రాన్ని నేనే, రెండుసార్లు, చెమటోడ్చి బిగించాను. అంత తెలివైనవాణ్ణి నేను.

ఊరికే ఎలా వెళ్ళిపోతాను? తప్పు పట్టడానికి ఏదైనా ఉందేమోనని వెతికాను. రెండో వరసలో ఒక చక్రం కీచుమంటోంది.

"నాయిస్," అన్నాను. "ఆయిల్?"

"తెలుసు," అన్నాడు ఆయన, తల ఎత్తకుండా. "ఉండనీ. అది వస్తోందంటే నక్క వస్తోందని తెలుస్తుంది."

ఇంకాసేపు నిలబడ్డాను. ఆయన స్టూలు కాలితో నా వైపు తోశాడు. కూర్చున్నాను. పని చేయకుండా తోళ్ళ మధ్య కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను.

పదింటికి ఇంటికి వచ్చేశాను. మా అమ్మాయి లాప్‌టాప్ మీంచి చూసి, "అప్పుడే వచ్చేశావేం?" అంది.

"ఆయనకి నాతో పని లేదు," అన్నాను.

"మరి రేపు?"

"రేపు కూడా వెళ్తాను."

"చొక్కా?"

వెనక్కి వెళ్ళి గ్యారేజ్‌లో విడిచి వచ్చాను.